లివర్ కోసమని మాత్ర ఆపేసిన తమ్ముడికి

ముందు ఉత్తరం సంగతి చెప్తాను, చదివే అందరికీ అర్థం కావాలి కదా. రాసినతను సింగరాయకొండ వైపు లారీ డ్రైవర్, 39 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా ఒంగోలు ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇచ్చే చోట, మందులు తీసుకుంటున్నాడు. కొన్నేళ్ల కింద మూడు మందులు కలిపిన టీఎల్‌డీకి మార్చారు, రాత్రికి ఒకటే మాత్ర. భార్యకి విషయం తెలుసు, ఆమెకి నెగెటివ్. పోయిన నెల నీరసంగా ఉందని బయట ల్యాబులో లివర్ పరీక్ష చేయించుకుంటే, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీవోటీ 138, ఎస్‌జీపీటీ 74, కామెర్లు ఉంటే పెరిగే బిలిరుబిన్ 0.9 వచ్చాయి. ఆ కాగితం చూసి మందుల షాపాయన "అవి మామూలు మాత్రలు కాదయ్యా, లివర్‌ని తినేస్తాయి" అన్నాడంట. బంధువొకాయన లివర్‌ని కడిగేస్తుందని ఏదో పొడి పొట్లాలు తెచ్చిచ్చి, అది వాడినన్నాళ్లూ ఇంగ్లీషు మందులు ఆపాలన్నాడంట. ఇతను ఆపేశాడు. ఉత్తరం రాసేనాటికి 11 రోజులు. ఇప్పుడు అడిగేదేమిటంటే, మాత్ర రోజు మార్చి రోజు వేసుకుంటే లివర్‌కి భారం తగ్గదా అక్కా, పథ్యం ఏమన్నా ఉందా, ఆ పొడి ఇంకా వాడనా అని. చివర్లో ఒక ముక్క రాశాడు: ఆదివారం బండి దిగాక ఒక క్వార్టర్, వెన్నునొప్పికి రోజూ ఒకటో రెండో మాత్రలు, "అవి మామూలువేలే".

తమ్ముడూ, నేను డాక్టర్ని కాను. 2012 నుంచి నేనూ హెచ్‌ఐవీ మందులు వాడుతూ, నెల్లూరులో సెంటర్ బయట బెంచీ మీద భయం భయంగా కూర్చున్న కొత్తవాళ్లతో మాట్లాడుతూ వచ్చినదాన్ని. కాబట్టి ముందు చేయాల్సింది ముందు చెప్తాను. రేపు పొద్దున్నే సెంటర్‌కి వెళ్ళు. బండి మీద ఎక్కడో దూరాన ఉంటే ఇవాళే ఫోన్ చెయ్యి. 11 రోజులుగా వేసుకోలేదు, రిపోర్ట్ ఇలా ఉంది, నా దగ్గర మాత్రలున్నాయి, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టనా అని అడుగు. కళ్లు పచ్చబడటం, వాంతులు లాంటివి లేకపోతే ఆ అంకెలకి మొదలుపెట్టమనే చెప్తారని నా నమ్మకం. తిడతారని భయపడి "రోజూ వేసుకుంటున్నా సార్" అని అబద్ధం మాత్రం చెప్పొద్దు. తిట్టినా అయిదు నిమిషాలు తిడతారు. అబద్ధం చెప్తే డాక్టర్ నీ రిపోర్ట్‌ని తప్పుగా చదువుతాడు, అప్పుడు నష్టం నీకే.

ఇంత తొందర ఎందుకు పెడుతున్నానంటే, నువ్వు వేసుకునే టీఎల్‌డీలో మూడు మందులున్నాయి. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50. వీటిలో మొదటి రెండూ హెచ్‌ఐవీ మీదే కాదు, లివర్‌ని దెబ్బ తీసే హెపటైటిస్ బి వైరస్ మీద కూడా పని చేస్తాయి. ఆ రెండు వైరస్‌లూ తమని తాము కాపీ చేసుకోవడానికి ఒకే తరహా ఎంజైమ్‌ని వాడతాయి, ఈ మందులు ఆ ఎంజైమ్ దగ్గరే అడ్డం పడతాయి. హెచ్‌ఐవీ లేకుండా ఒట్టి హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి లివర్ డాక్టర్ రాసేది కూడా చాలాసార్లు ఇదే టెనోఫోవిర్ 300. అంటే లివర్‌ని తినేస్తుందని నువ్వు పక్కన పెట్టిన మాత్రలోనే లివర్‌ని కాపాడే మందు ఉంది.

నీకు హెపటైటిస్ బి ఉందో లేదో నువ్వు రాయలేదు. బహుశా నీకే తెలీదు. ఉన్నా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండొచ్చు, పైగా ఈ ఎనిమిదేళ్లూ హెచ్‌ఐవీ మందుల వల్ల అది నీకు తెలియకుండానే అణిగి ఉండొచ్చు. అలాంటప్పుడు మందు ఉన్నట్టుండి ఆపేస్తే అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా లేస్తుంది. కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో, ఎస్‌జీపీటీ వందలు దాటి వేలల్లోకి పోతుంది. పచ్చకామెర్లొచ్చి లివర్ పూర్తిగా చేతులెత్తేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం మీద కంపెనీలు ఈ హెచ్చరికనే ప్రత్యేకంగా రాస్తాయి. అందుకే నాకు నీ 138 కంటే నీ 11 రోజులు ఎక్కువ టెన్షన్ పెట్టాయి.

ఇంట్లో నీ గ్రీన్ బుక్, అదే సెంటర్ వాళ్లు నీ చికిత్స వివరాలు రాసిచ్చిన పుస్తకం, తీసి చూడు. మందులు మొదలుపెట్టినప్పుడు చేసిన పరీక్షల దగ్గర హెచ్‌బీఎస్‌ఏజీ అని ఉంటుంది, అదే హెపటైటిస్ బి పరీక్ష, పక్కన నెగెటివ్ అనో పాజిటివ్ అనో రాసి ఉండాలి. ఖాళీగా ఉన్నా, రాసింది అర్థం కాకపోయినా, రేపు మళ్లీ చేయమని అడుగు. కొంచెం రక్తంతో కార్డు మీద చేసేసే చిన్న పరీక్ష అది. దాంతో పాటు హెపటైటిస్ సి కూడా చూడమను. కేంద్రం 2018 జులై 28న మొదలుపెట్టిన హెపటైటిస్ కార్యక్రమం కింద బి కి, సి కి రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. సి అయితే ఎక్కువమందికి 12 వారాల మాత్రలతో పూర్తిగా పోతుంది. బి పోదు గానీ, నువ్వు రోజూ వేసుకునే మాత్రే దాన్ని తొక్కిపెట్టి ఉంచుతుంది. బి పాజిటివ్ అని తేలితే మీ ఆవిడకీ పిల్లలకీ పరీక్ష చేయించి, లేనివాళ్లకి టీకా వేయించాలి. నీకు నెగెటివ్ వస్తే నువ్వూ టీకా వేయించుకో. మన వయసు వాళ్లకి చిన్నప్పుడు ఈ టీకా వేయలేదు, అది పిల్లల టీకాల్లోకి ఆ తర్వాత వచ్చింది. నువ్వు దారి పొడవునా ఎక్కడ పడితే అక్కడ గెడ్డం గీయించుకునే మనిషివి, బ్లేడు కొత్తది వేయించుకో. రక్తం అంటిన బ్లేడుతో హెచ్‌ఐవీ కంటే బి చాలా తేలిగ్గా అంటుకుంటుంది.

ఇక ఆ షాపాయన మాట. అది గాల్లోంచి పుట్టిన మాట కాదు, అందుకే జనం నమ్ముతారు. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అప్పట్లో ఇచ్చినవాటిలో స్టావుడిన్, నెవిరపిన్ ఉండేవి. స్టావుడిన్‌తో బుగ్గలు పీక్కుపోయేవి, అరికాళ్లు మండేవి, లివర్‌లో కొవ్వు చేరేది, కొందరికి రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుని ప్రాణం మీదికి వచ్చేది. నెవిరపిన్‌తో ఒంటి నిండా దద్దుర్లు, కామెర్లు. ఆ మనుషుల్ని ఊళ్లలో అందరూ చూశారు. ఆ మందులు పోయాయి, ఆ భయం మాత్రం పోలేదు.

నేనూ ఆ భయంలోంచి వచ్చినదాన్నే. 2012లో నాకు మొదలుపెట్టినప్పుడు సీడీ4, అంటే ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాల లెక్క, 310. జిడోవుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసిన మాత్ర. మొదటి 14 రోజులు నెవిరపిన్ ఉన్న మాత్ర ఒక పూటే ఇచ్చి తర్వాత రెండు పూటలు చేశారు. అయిదో వారంలో జ్వరం, చేతుల మీద ఎర్రగా దద్దుర్లు, మూత్రం డికాషన్ రంగు, రెండు రోజులకి కళ్లు పచ్చగా. అప్పుడు నేను ఆత్మకూరు అవతల మా అత్తగారి ఊళ్లో ఉన్నాను. కామెర్లకి ఆసుపత్రి ఏందని నన్ను ఆటోలో పసరు పోసే చోటికి తీసుకెళ్లారు. మూడు పొద్దులు పసరు తాగించారు, ముంజేతి మీద వాత పెట్టారు, ఉప్పు లేని మజ్జిగన్నం పెట్టారు. హెచ్‌ఐవీ మాత్రల సంగతి అక్కడ చెప్పలేను, సెంటర్‌లో పసరు సంగతి చెప్పలేను. ఇటు మాత్ర మింగుతూ అటు పసరు తాగుతూ తొమ్మిది రోజులు గడిపాను. చివరికి నిలబడలేక, మా అమ్మ వచ్చి నెల్లూరు తీసుకొస్తే, ఎస్‌జీపీటీ 600 దాటి ఉంది. డాక్టర్ నెవిరపిన్ ఆపేసి, అంకెలు దిగేదాకా చూసి, దాని బదులు ఎఫవిరెంజ్ పెట్టారు. రెండు నెలలకి మామూలు మనిషినయ్యాను. ఆ వాత మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత నాకు తెలిసిందేమిటంటే, నెవిరపిన్ లివర్‌ని దెబ్బ తీసేది ఎక్కువగా మొదటి 18 వారాల్లో, అందులోనూ మొదటి ఆరు వారాల్లో. సీడీ4 బాగా పడిపోయిన వాళ్లకంటే కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లకే ఆ ప్రమాదం ఎక్కువ, ఆడవాళ్లలో 250 దాటితే, మగవాళ్లలో 400 దాటితే. నాది 310. ఆ తొమ్మిది రోజులు ఇంట్లో దాచకుండా రెండో రోజే సెంటర్‌కి వెళ్లి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మందులు లివర్‌ని ఎప్పుడూ ఏమీ చెయ్యవు అని నేను నీతో అనను. చేస్తాయి, నాకు చేశాయి. కానీ నీ మాత్ర ఆ మాత్ర కాదు. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ప్రధానంగా కిడ్నీల ద్వారా బయటికి పోతాయి. డోలుటెగ్రావిర్ లివర్‌లోనే కరుగుతుంది గానీ దానివల్ల లివర్ దెబ్బతినడం అరుదు. ఏళ్లుగా పడ్డ మాత్ర ఇప్పుడు ఉన్నట్టుండి ఎదురు తిరిగిందంటే, అసలు కారణం పక్కన ఇంకేదన్నా ఉందేమోనని ముందు వెతకాలి. నీ ఉత్తరంలోనే అలాంటివి మూడు కనిపిస్తున్నాయి, వాటిలో రెండింటిని నువ్వు చివర్లో చిన్నగా రాశావు.

అంకెలు చూద్దాం. మామూలుగా పై హద్దు 40 అనుకుంటే (ల్యాబుని బట్టి కొంచెం అటూ ఇటూ), నీ ఎస్‌జీవోటీ దానికి మూడున్నర రెట్ల లోపు, ఎస్‌జీపీటీ రెండు రెట్ల లోపు. అయిదు రెట్లు దాటి, దాంతో పాటు లక్షణాలు కూడా ఉంటేనో, లక్షణాలు లేకపోయినా పది రెట్లు దాటితేనో హెచ్‌ఐవీ మందులు ఆపాలా అన్న ఆలోచన డాక్టర్లకి వస్తుంది. అది కూడా ఏది ఆపాలో, బదులు ఏది పెట్టాలో చూసుకుని వాళ్లు ఆపేది, షాపు కౌంటర్ దగ్గర నిలబడి మనం ఆపేది కాదు. ఇంకొకటి గమనించు. నీ ఎస్‌జీవోటీ ఎస్‌జీపీటీకి దాదాపు రెండింతలుంది. ఇలా కనిపిస్తే డాక్టర్ మొదట అడిగే ప్రశ్న తాగుతావా అని. కండరాల నుంచి కూడా ఎస్‌జీవోటీ వస్తుంది, ముందు రోజు బస్తాలు మోసి ఉంటే కాస్త పెరగొచ్చు, కాబట్టి తాగుడే అని నేను తీర్పు చెప్పను. కానీ ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అది ఒకే సాయంత్రం లివర్ మీద పడుతుంది. ఆదివారం ఒక్కటేనా, బండి దిగిన ప్రతి రాత్రీనా అన్నది నువ్వు నాకు చెప్పక్కర్లేదు, డాక్టర్‌కి చెప్పు. నాకు తెలిసిన డ్రైవర్లలో ఒళ్లు నొప్పులకనీ నిద్ర కోసమనీ తాగేవాళ్లే ఎక్కువ, నువ్వు చెడ్డవాడివని ఎవరూ అనడం లేదు. మూడు నెలలు పూర్తిగా మానేసి మళ్లీ ఇదే పరీక్ష చేయించు. రోజూ తాగే అలవాటుంటే మాత్రం ఉన్నట్టుండి ఆపితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం జరగొచ్చు, అది డాక్టర్‌కి చెప్పి ఆయన చూపులో మానాలి.

రెండోది ఆ నొప్పి మాత్రలు. "మామూలువేలే" అన్నావు చూడు, ఆ మాట నాకు బాధేసింది. షాపులో విడిగా ఇచ్చే వెన్నునొప్పి మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో, దానితో పాటు పారాసిటమాల్ కలిపి ఉంటాయి. జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ ఉంటుంది, జ్వరం మాత్ర ఎలాగూ అదే. మూడు పేర్లతో ఒకే మందు మూడుసార్లు వేసుకున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4 గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం, తాగే అలవాటున్నవాళ్లని, లివర్ సరిగా లేనివాళ్లని 2 గ్రాముల లోపే ఉంచుతారు. ఇక ఆ డైక్లోఫెనాక్ జాతి మాత్రలు లివర్‌తో పాటు కిడ్నీలకి కూడా చెరుపు, టెనోఫోవిర్‌కి మనం జాగ్రత్తగా చూసుకోవాల్సింది కిడ్నీలనే. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లూ నడుమూ పట్టేసి ఏళ్ల తరబడి ఈ నొప్పి మాత్రలు మింగే వాళ్లని నేను ఎంతమందిని చూశానో. వాళ్లలో మన మందులు వాడేవాళ్లూ ఉన్నారు, వాళ్లని చూస్తే నాకు లివర్ కంటే కిడ్నీల గురించే ఎక్కువ దిగులు. నువ్వు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష కూడా అడుగు. డోలుటెగ్రావిర్ వల్ల ఆ అంకె కొంచెం పెరిగినట్టు కనపడొచ్చు, కిడ్నీ చెడకపోయినా, కాబట్టి అది చూసి మళ్లీ నీ అంతట నువ్వే కంగారుపడి ఆపేయకు.

మూడోది ఆ పొడి. ఆపెయ్, ఈ పూట నుంచే. అందులో ఏముందో నీకు తెలీదు, ఇచ్చిన బంధువుకీ తెలీదు. చెట్టు మందు కదా, చెరుపు చెయ్యదు అంటారు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయాలు నెలల తరబడి తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని మన దేశంలో లివర్ డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారు. పేరు లేని పొట్లాల్లో సీసం, పాదరసం లాంటి లోహాలు, స్టెరాయిడ్లు, ఒక్కోసారి అల్లోపతీ నొప్పి మందులే దంచి కలిపి ఉన్న సందర్భాలూ పరీక్షల్లో బయటపడ్డాయి. నేల ఉసిరి మీద హెపటైటిస్ బి కోసం ఎన్నో పరిశోధనలు జరిగినా, వైరస్‌ని అణుస్తుందని గట్టి ఆధారం రాలేదు. మరి పసరుతో కామెర్లు తగ్గినవాళ్లు మా ఊళ్లో ఉన్నారే అంటావా, ఉన్నారు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలకి వాటంతట అవే తగ్గుతాయి, ఆ మంచిపేరు పసరుకి పోతుంది. లివర్ టానిక్కులూ అంతే, హెచ్‌ఐవీ మందుల నుంచి లివర్‌ని కాపాడతాయని నిరూపించినవి లేవు. ఆ డబ్బుతో కోడిగుడ్లు కొనుక్కో.

రోజు మార్చి రోజు సంగతి. వద్దు తమ్ముడూ. ఒంట్లో మందు తగ్గిన రోజున హెచ్‌ఐవీ పెరుగుతుంది. సగం మందులో పెరిగే వైరస్ ఆ మందుని తట్టుకోవడం నేర్చుకుంటుంది, అప్పుడు ఈ ఒక్క మాత్ర పోయి రోజుకి ఎక్కువ మాత్రల రెండో లైన్‌కి, అంటే మొదటి మందులు పని చెయ్యనప్పుడు ఇచ్చే మందులకి, వెళ్లాలి. అదీ కాక, మీ ఆవిడకి ఇన్నేళ్లూ నెగెటివ్ ఉండటంలో నీ మాత్ర పాత్ర చాలా పెద్దది. వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉన్న వైరస్ లెక్క, కనపడనంత తక్కువలో ఉన్నంతకాలం సెక్స్ ద్వారా ఆమెకి అంటదు. ఈ 11 రోజుల తర్వాత మళ్లీ వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేస్తారో అడుగు, వైరస్ అదుపులో ఉందని డాక్టర్ చెప్పేదాకా కండోమ్ వాడండి. దారిలో మాత్రలు అయిపోతే వేరే ఊరి ఏఆర్‌టీ సెంటర్‌లో గ్రీన్ బుక్ చూపించి అడగొచ్చు, ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. మాత్రల డబ్బా క్యాబిన్‌లో అద్దం ముందు పెట్టొద్దు, రోహిణి కార్తెలో ఆ ఇనుము మీద చెయ్యి పెట్టలేం కదా. బట్టల సంచీలో మధ్యన పెట్టు, మూత గట్టిగా బిగించి.

పథ్యం అడిగావు. ఉప్పు కారం మానేసి నోరు చప్పబరచుకోవాల్సిన పని లేదు. వేడి చేస్తుందని సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగుతున్నా అని రాశావు, తాగు, ఎండలో మంచివే, అవి లివర్‌కి మందు మాత్రం కాదు. చేపల పులుసు హాయిగా తిను, నూనె కాస్త తగ్గించమను. నాకు ఎక్కువ భయం బరువు. టీఎల్‌డీకి మారాక చాలామంది నాలుగైదు కిలోలు పెరిగారు, నేనూ పెరిగాను. స్టీరింగ్ ముందు పదేసి గంటలు కూర్చుని, ధాబాలో పరోటాలు తిని, కూల్ డ్రింకు తాగితే పొట్ట చుట్టూ చేరిన కొవ్వు లివర్‌లోనూ చేరుతుంది, దాంతోనూ నీకొచ్చినట్టు అంకెలు పెరుగుతాయి. షుగర్ పరీక్ష చేయించావా? షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు టీఎల్‌డీ మీద ఉన్నట్టు ఆ డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. మన వైపు ఇంకో జాగ్రత్త, వేరుశెనక్కాయలు. తేమకి బూజు పట్టి చేదెక్కిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది లివర్ క్యాన్సర్‌కి దారి తీస్తుంది, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు, పూర్తిగా పోదు. చేదు గింజ నోట్లో పడితే ఊసెయ్, బూజు పట్టినవి చట్నీలో వెయ్యనివ్వకు. కాఫీ తాగితే తప్పు లేదు, లివర్‌కి మంచిదనే పరిశోధనలే ఎక్కువ ఉన్నాయి, చక్కెర తగ్గించుకో. గ్యాస్ సిరప్, క్యాల్షియం, ఐరన్ మాత్రలు మాత్రం టీఎల్‌డీతో కలిపి మింగకు. అవి డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత వేసుకో, ముందే వేసుకుని ఉంటే ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకో.

ఇది చదివే మిగతావాళ్లకి రెండు మాటలు. టీబీ మందులు వాడుతున్నవాళ్లు, టీబీ రాకుండా ఐసోనియాజిడ్ వేసుకుంటున్నవాళ్లు లివర్ మీద ఇంకాస్త కన్నేసి ఉంచాలి, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని ఇబ్బంది పెట్టగలవు. రిఫాంపిసిన్ ఉన్నప్పుడు డోలుటెగ్రావిర్ రెండు పూటలా వేసుకోవాలి, సెంటర్‌లో విడిగా ఇంకో మాత్ర ఇస్తారు, టీబీ సంగతి అక్కడ చెప్పకపోతే ఇవ్వరు. రెండో లైన్‌లో అటాజనావిర్ వాడేవాళ్లకి కళ్లు కొంచెం పచ్చగా కనిపించొచ్చు. బిలిరుబిన్ పెరిగి, ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే అది లివర్ దెబ్బతినడం వల్ల కాదు, ఆ మందు తీరే అంత. అది తేల్చాల్సింది మాత్రం పరీక్షతోనే.

నువ్వు మాత్రలు మళ్లీ మొదలుపెట్టాక కూడా రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి లివర్ పరీక్ష ఎన్నాళ్లు చేయించాలో డాక్టర్‌ని అడుగు, హెపటైటిస్ బి ఉంటే ఆపినదాని దెబ్బ ఆలస్యంగానూ బయటపడొచ్చు. ఈ లోపల మూత్రం డికాషన్ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, అన్నం చూస్తేనే వాంతి వస్తున్నా, కుడి పక్క డొక్క కింద నొప్పి, ఒళ్లంతా దురద, ఇలాంటివి ఏ ఒక్కటి కనపడినా సెంటర్ రోజు దాకా ఆగకు, ఆ రోజే పెద్దాసుపత్రికి పో. మాట తడబడి, మనిషి మత్తుగా, తిక్కతిక్కగా ఉంటే ఇక నిమిషం కూడా ఆలస్యం వద్దు. ఈ గుర్తులు మీ ఆవిడకి కూడా చెప్పి ఉంచు, ఆ స్థితిలో గమనించేది ఆమే.

అక్కడ బయటి డాక్టర్‌కి హెచ్‌ఐవీ అని చెప్తే ఎలా చూస్తారో అని రాశావు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది, నీ ఒప్పుకోలు లేకుండా ఆ సంగతి ఇంకొకరికి చెప్పడం, ఆ కారణంతో వైద్యం నిరాకరించడం రెండూ నేరుగా ఆ చట్టానికి విరుద్ధం. నేను 2012లో దాచిపెట్టి తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాను, నువ్వు దాచకు.

రేపు వెళ్లేటప్పుడు గ్రీన్ బుక్, ల్యాబు కాగితం, మిగిలిన మాత్రల డబ్బా తీసుకో. ఆ పొడి పొట్లాన్నీ నొప్పి మాత్రల స్ట్రిప్పునీ కోపంలో పారేయకు, అవి కూడా జేబులో పెట్టుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టు.